అటకగాలి: వియ్యంకుల సంవాదము

వైశాఖ బహుళ దశమినాటి పెద్ద హనుమజ్జయంతికి కొండగట్టుపై మాలావిరమణము గావించుకొనుటకై దీక్షాపరులు వేలకొలదిగా చేరుదురు. ఆ తిథి రోహిణికార్తెకు దాపుననుండుటచేత, జగిత్యాల జిల్లాలోని ఆ గట్టు చుట్టును చెట్లెన్ని యున్నను, మధ్యాహ్నవేళ రాయి, రేకు, స్లాబు అను భేదము లేక సర్వమును సెగలు గ్రక్కుచుండును. అట్టి సమయమున స్వామి దర్శనము చేసికొని, నీడపట్టున విశ్రమించిన ఇరువురు వియ్యంకుల నడుమ జరిగిన వాదమును ఇచట పొందుపరచుచున్నాను. అందొకరు కాకినాడవారు, సముద్రపుగాలిలో పుట్టి పెరిగి, కొడుకును కోడలును నివసించుటకై అచట నొక మేడ తలపెట్టినవారు. రెండవవారు మల్యాల ప్రాంతమువారు. ఆ కోడలికి తండ్రి. చిరకాలము మేస్త్రీలతోను వడ్రంగులతోను తిరిగి పలువురకు ఇండ్లు కట్టించినవారు. పై అంతస్తునకు స్లాబు వేయక, ఇనుపదూలములపై రంగురేకుల వాలుకప్పు నిలిపి, దాని క్రింద జిప్సము సీలింగు పరచవలెనని కాకినాడవారి సంకల్పము. ఆ రేకునకును సీలింగునకును నడుమ మిగులు అటకకు గాలి విడువవలెనా, మూసివేయవలెనా అనునదే వాదవిషయము.

తీరవాసి: బావగారూ, తాము గృహనిర్మాణమున ఆరితేరినవారు కనుక తమ మాటను త్రోసిపుచ్చుట నాకు సాహసమే యగును, అయినను, అటకను నలుదెసల మూసివేయుమని తాము సెలవిచ్చినది నా మనస్సునకు ఎక్కుటలేదు. మా తీరమున గాలి యాడని యిల్లు ఇల్లుగా నెంచబడదు. కోనసీమలోని మండువా లోగిళ్లను చూడుడు: నడుమ ఆకాశమునకు తెరచిన మండువా, నాలుగువైపుల దానిలోనికి వాలిన పెంకుటికప్పులు, ఎదురెదురుగా నిలిచిన గుమ్మములు, సముద్రముమీదినుండి సాయంకాలము వచ్చు గాలి ఒక వాకిట ప్రవేశించి వేరొక వాకిట వెడలుటకు తగిన దారులు. ఉత్తరాంధ్ర తీరమున బెస్తవారు కట్టుకొనిన తాటాకు చుట్టిండ్లు సైతము, చూరు నేలవరకు వంగియున్నను, ఆకు ఆకునకు నడుమనుండి ఊపిరి విడుచుచుండెడివి. పూర్వులు గాలికి ఇంత మర్యాద చేసియుండగా, మనము దానిని వాకిట నిలిపివేయుట ధర్మమా? కావున ఇంటి రెండు కొనలయందలి ముక్కోణపు గోడలకు నిండుగా జాలీ కిటికీలు పెట్టించెదను. కప్పుపై గాలికి తిరుగు టర్బో వెంటిలేటర్లు రెండు నిలిపెదను. అదియును చాలనిచో అటకలోని గాలిని బయటికి లాగివేయు విద్యుత్తు ఫ్యాను నొకదానిని బిగించెదను.

గట్టువాసి: పూర్వులయందు తమకున్న భక్తి నాకును గలదు, బావగారూ. కాని యెదుటనున్న ఆ రేకుల పందిరిని ఒక్కమారు చూడుడు. దానికి గోడలు లేవు, దర్వాజలు లేవు, ఏ దిక్కునుండి గాలి వచ్చినను అడ్డగించునది లేదు. గాలియొక్కటే తాపమునకు మందైనచో ఈ గట్టుమీద దానికంటె చల్లని తావు వేరొకటి ఉండరాదు గదా! అయినను మిట్టమధ్యాహ్నమున దాని క్రింద కూర్చున్నవారు తలపై తుండుగుడ్డ కప్పుకొని, చెట్టునీడకో రాతిమండపమునకో తరలిపోవుచున్నారు. కారణమేమి? కాలిన రేకు తన క్రిందనున్న గాలిని వేడిచేయుటతో తృప్తి నొందుటలేదు. తన కెదురుగానున్న ప్రతివస్తువు మీదికిని కంటికి కనబడని కిరణములను విసరుచున్నది. కుంపటికెదురుగా కూర్చున్నవాడు నడుమనున్న గాలిని విసనకఱ్ఱతో ఎంత చెదరగొట్టినను ముఖమునకు తగులు సెగ తగ్గదు. ఈ రేకును అట్టిదే. తాము అటకకు ఎన్ని గవాక్షములుంచినను రేకు సీలింగుమీదికి సెగ విసరుట మానదు. ఆ సీలింగు క్రింద నిదురించు మన పిల్లలకు అది తప్పదు.

తీరవాసి: సెగ విషయమున తమ మాట యథార్థమే. కాని ఆ పందిరికే నాలుగువైపుల గోడలు కట్టి, తలుపులు బిగించి, అందొక్క నిమిషము కూర్చుండుడని యెవరినైనను వేడిన అంగీకరింతురా? తెరచిన పందిరిలో సెగ మాత్రమే గలదు. మూసిన పందిరిలో సెగతోపాటు చిక్కుపడిన వేడిగాలియు గలదు. నిర్మలాకాశమున మధ్యాహ్నసూర్యుడు చదరపు మీటరునకు దాదాపు 1000 వాట్ల శక్తిని కుమ్మరించును. ముదురురంగు రేకు అందులో అధికభాగమును త్రాగి, బయటి గాలికంటె 20, 30 డిగ్రీలు మించి కాగును. దానిని తాకిన గాలి తేలికయై నడికొప్పు క్రిందికి చేరి, వెడలుటకు దారి లేనిచో అచటనే పేరుకొని, సూర్యుడు క్రుంకిన పిదపకూడ సీలింగును కాల్చుచుండును. శత్రువులు ఇరువురున్నచోట ఒకనిని జయింపజాలమని రెండవవానికి కూడ కోటలో చోటిచ్చుట నీతియా?

గట్టువాసి: మా ప్రాంతపు పాత ఇండ్లలో ఆ రెండవ శత్రువుకొరకు ఎవరును ప్రత్యేకముగా దారి విడువలేదు. కుమ్మరి కాల్చిన గూనపెంకులు పైన. వాసములు, దూలములు వాని క్రింద. దూలములపై చెక్కలు పరచి మందముగా మన్ను మెత్తిన అటుక అంతకు క్రింద. పొద్దెక్కినతోడనే కిటికీలు మూసి, దర్వాజలు చేరవేసి, వడగాడ్పును వాకిటనే నిలిపి, ఆ చీకటి చల్లదనములో మా పెద్దలు రోహిణికార్తెను గడిపిరి. మూయుటయే మా విద్య. వేసవిలో బయటి గాలి 43, 44 డిగ్రీలకు చేరునపుడు దానిని ఇంటిలోనికి ఆహ్వానించుట పగవానిని పిలిచి పీట వేయుటయే.

తీరవాసి: ఇచటనే తమ వాదము తమకు అడ్డము తిరుగుచున్నది. తమ పెద్దలు మూసినది గదిని గాని, అటుకపైని కప్పును గాదు. గూనపెంకుల కప్పునకు వేరుగా గవాక్షము లేకపోవుటకు హేతువు, ఆ కప్పంతయు గవాక్షమే యగుట. పెంకునకును పెంకునకును నడుమ వేలకొలది సందులు. వేడియెక్కిన గాలి ఏ సందు దొరకిన ఆ సందున వెడలిపోవును. మన్ను మెత్తిన అటుక పైనుండి వచ్చు సెగను తన మందములో నిలుపుకొని, దిగువకు చేరనీయదు. ఇక తాము పగవాడన్న ఆ గాలినే విచారింతము. 43 డిగ్రీల గాలి గదిలోని మనుష్యునకు నిప్పే. కాని 60 డిగ్రీలకు చేరిన అటకకు అదే చల్లనిగాలి! మనుష్యునకు కీడైనది కప్పునకు మేలగుచున్నది. గదికి చెప్పిన న్యాయమును అటకకు అతికించుటవలననే తమ సిద్ధాంతము చెడినది.

గట్టువాసి: ఆ మాట నాకు తట్టనిది, ఒప్పుకొనక తప్పదు. మా ఊళ్లలో ఇప్పటి ఇండ్లు ఏల ఇంతగా కాలుచున్నవో దానివలన తెలియవచ్చుచున్నది. గూనపెంకులను వానకాలమునకు ముందు ఏటేట తిరగవేయవలెను. తిరగవేయు పనివారు కరవైరి. అదిగాక ఈ ప్రాంతమున కోతుల మూకలు ఊళ్లపై బడి, కప్పులనెక్కి, పెంకులు పీకి విసరుటచేత, ఆంజనేయస్వామివారి పరివారమని చేతులు జోడించుటయే గాని అడ్డగించుటకు వీలులేక, పలువురు పెంకులు దించి రేకులు వేసిరి. రేకు కోతికి లొంగదు, గాలికిని లొంగదు. దాని క్రింద నునుపైన సీలింగొకటి బిగించుటతో, పూర్వము వేయి సందులున్నచోట నేడొక్క సందైన లేకపోయినది.

తీరవాసి: మా తీరమునను కథ యిట్టిదే; పాత్రలు వేరు. బాసెలు మిషనువారు 1865లో మంగుళూరున యంత్రపు పెంకుల కర్మాగారము స్థాపించిన పిదప ఆ తరహా పెంకు దక్షిణదేశమంతట వ్యాపించి, మా వైపు బెంగుళూరు పెంకను పేర గూనపెంకును త్రోసివేసినది. అది ఒకదానిలో నొకటి గాడిపడి కూర్చుండుటచేత వర్షమునకు మేలైనను, సందులు కొంత తగ్గెను. దాని స్థానమున రేకు వచ్చినతోడనే అవి పూర్తిగా మూతపడెను. కనుక నేను క్రొత్తగా కోరునది యేమియు లేదు. పెంకు ఇచ్చినదానిని రేకు హరించెను, దానిని తిరిగి యిమ్మనుచున్నాను. అమెరికాలో హ్యూస్టను నగరముననున్న మా తమ్ముని కుమారుడు చెప్పినది వినుడు. ఆ ఊరును సముద్రమునకు దాపుననే యున్నది. ఎండయు ఉక్కయు మా కాకినాడకు తీసిపోవు. అచటి నిర్మాణ నియమావళిలో అటక నేల వైశాల్యమున 150వ వంతు గాలికి విడువవలెనని, కొన్ని నిబంధనలు పాటించినచో 300వ వంతు చాలునని యున్నదట. అటకకు గాలి తగిలినచో తేమ వదలునని కూడ వారి నమ్మకము. ఉక్కతో బాధపడు మాకు అంతకంటె వలసినదేమి?

గట్టువాసి: బావగారూ, తాము నాకు చెప్పిన న్యాయమునే ఇపుడు తమకు చెప్పెదను. నియమమును చదువుటకు ముందు అది యే దేశపు బాధనుండి పుట్టినదో విచారింపవలెను. ఆ 300వ వంతు అను లెక్క 1940ల దశకమున ఆ దేశపు ప్రభుత్వ గృహప్రమాణములలో చేరినది. దానికి మూలము చలిదేశపు చింత. అచట శీతకాలమున ఇంటిలోపలి గాలియే తడిగానుండును. వంటవలనను స్నానములవలనను పుట్టిన ఆవిరి సీలింగు సందులనుండి అటకకెక్కి, మంచుకప్పిన చల్లని కప్పును తాకి నీరగును. బయటి గాలి పొడిగానుండుటచేత దానిని లోనికి పంపిన తేమ వదలును. తమ కాకినాడలో బయటి గాలి పొడిదా? వేసవి దినములలో తమ తీరపుగాలి యెంత తడిగా నుండుననగా, 26 డిగ్రీలకు దాపుగా చల్లబడిన ఏ వస్తువును తాకినను దానిపై మంచుబిందువులవలె నీరు పట్టును. అట్టి గాలి తేమను తెచ్చునే గాని తీసికొనిపోవునా? పిల్లలు ఏసీ లేక నిదురింపరు. గది 23 డిగ్రీలకు చల్లబడి, సీలింగు పలకయు దానితోపాటు చల్లబడినపుడు, రాత్రివేళ అటకలో తిరుగు ఆ తడిగాలి పలక పైభాగమున నీరై నిలువదా? జిప్సము ఉబ్బదా? బూజు పట్టదా? అందుకే మూయుమంటిని.

తీరవాసి: ప్రశ్న గట్టిదే. ఇది నేనును ఆలోచింపనిది. అయినను మూయుట దీనికి ప్రత్యుత్తరము కాజాలదు. గాలిని పూర్తిగా మూయగలిగిన అటక ఎటువంటిదై యుండవలెను? వేడిని అడ్డు పలకయు, ఆవిరిని అడ్డు పొరయు సీలింగు మీదగాక రేకునకు అంటియే యుండవలెను; చూరు మొదలు కొప్పువరకు సూదిమొన దూరు సందైన ఉండరాదు; అటక కూడ గదులలో నొక గదియై ఏసీ చల్లదనములో పాలుపంచుకొనవలెను. హ్యూస్టను వంటి చోట్ల ఏసీ గొట్టములు అటకలోనుండియే పోవుటచేతను, ఇల్లంతయు రేయింబవళ్లు చల్లబరచుటచేతను, అట్టి మూసిన అటకలు మేలని వాదించు నిర్మాణ శాస్త్రజ్ఞులు అచట లేకపోలేదు. మన పిల్లల ఇంట ఏసీ నడచునది రాత్రి కొన్ని గంటలు, అదియు ఒకటి రెండు గదులలో. ఆ కొన్ని గంటలకొరకు అంత వ్యయము పెట్టి, సగము మూసి సగము విడిచి, తడిగాలి దూరుటకు దారియు వేడిగాలి వెడలుటకు దారిలేమియు కల్పించుకొన్నచో రెండువిధముల చెడుదుము. సగముమూత కంటె తెరపియే మేలు.

గట్టువాసి: అట్లైన సీలింగుపై నీటికి తమ మందేమి?

తీరవాసి: తడిగాలిని అటకలో ఉండనిత్తును గాని చల్లని పలకను తాకనియ్యను. సీలింగుపై ఆవిరి చొరని నురుగుపలకలను అతుకు అతుకునకు అంటించి పరపించెదను. అపుడు అటకలోని గాలికి తగులు ముఖము అటకవలెనే వెచ్చగానుండును, గదికి తగులు ముఖమే చల్లగానుండును; నీరు పట్టుటకు చల్లని తావు పైన మిగులదు. అంతకంటె ముఖ్యము, దీపములకొరకును ఫ్యాను కొక్కెములకొరకును సీలింగుకు పొడుచు రంధ్రములన్నిటిని బిగించుట. గది గాలి అటకకు పోరాదు, అటక గాలి గదికి దిగరాదు. ఇంతసేపు తాము చెప్పిన సెగకును ఆ పలకయే అడ్డు. ఇంకొక మాట: రేకు క్రిందిభాగమున మెరయు అల్యూమినియము పొరను అటక వైపు ముఖముండునట్లు బిగించినచో, అది తన వేడిని కిరణములుగా విసరుటలో మిక్కిలి లోభియగుటచేత, కుంపటి ముఖమునకు తెరపట్టినట్లగును. పైముఖముగా పరచినచో కొన్నాళ్లకే దుమ్ము పట్టి వ్యర్థమగును.

గట్టువాసి: ఇప్పుడు దారికి వచ్చితిరి. పోనిండు, సెగను పుట్టినచోటనే తగ్గించు మార్గమును నేను చెప్పెదను. తాము ఇటుకరంగు రేకులు ఎన్నుకొన్నారని మా అమ్మాయి చెప్పినది. చూచుటకు పెంకువలెనుండునని కాబోలు. తెలంగాణ ప్రభుత్వము 2023 ఏప్రిలులో 2023–28 కాలమునకు చల్లకప్పుల విధానమును ప్రకటించినది. దాని సారమంతయు, ఎండను త్రాగు కప్పుకంటె త్రిప్పికొట్టు కప్పు మేలనుటయే. తెల్లని రేకు, లేదా తెల్లని పూత. కప్పు కాగనిచో అటక కాగదు; అటక కాగనిచో మన వాదమున సగము తీరిపోవును. ఇక గవాక్షముల మాట. ఇంటి రెండు కొనల ముక్కోణపు గోడలనిండ జాలీలంటిరే, 1996 నవంబరులో కోనసీమను ఊడ్చిన తుపాను మరచితిరా? 2014లో విశాఖపట్టణముపై బడిన హుద్‌హుద్ మరచితిరా? గాలి కెదురుగానున్న గోడకు పెద్దరంధ్రముండి, వెడలుటకు అంత రంధ్రము లేనిచో, లోపల చేరిన గాలి రేకును క్రిందినుండి పైకి ఎత్తును. పైనుండి పోవు గాలి దానిని పైకి లాగును. రెండు చేతుల నడుమ రేకు ఎంతసేపు నిలుచును? 1992లో ఫ్లోరిడాను కొట్టిన ఆండ్రూ తుపానులో ఎందరి కప్పులో లేచిపోగా, ఆ రాష్ట్రము తన నిర్మాణ నియమములనే తిరగవ్రాసికొనవలసివచ్చెను.

తీరవాసి: కప్పును నిలుపునది గోడలోనికి దిగిన ఇనుపకమ్మియు, దూలమును గోడతో కట్టిన బోల్టును గాని, గాలి లేకుండుట కాదు. గవాక్షములు మూసినవారి కప్పులును లేచిపోయినవి. అయినను ముక్కోణపు గోడలలో నిండుజాలీలు పెట్టుట అవివేకమని ఒప్పుకొనుచున్నాను. గాలిపాటు మాట అటుంచి, వానజల్లు నేరుగా సీలింగుమీద పడును. వానిని మానివేసితిని. చూరు క్రింద నేలవైపు ముఖముండునట్లు ఇంటి పొడవునను సన్నని సందులు విడిచి, నడికొప్పున పైనొక టోపీరేకు కప్పి దాని క్రింద అంతే వైశాల్యము వదలెదను. ప్రవేశము దిగువను, నిర్గమము ఎగువను. 1200 చదరపు అడుగుల అటకకు 150వ వంతనగా 8 చదరపు అడుగులు. సగము చూరున, సగము కొప్పున. జాలీయు రెక్కలును గాలిదారిని కొంత హరించును గనుక, కంటికి కనబడు సందు దానికి రెట్టింపుండవలెను. జాలీ లేకున్న గబ్బిలములు, ఉడుతలు అద్దె లేక కాపురముండును.

గట్టువాసి: ఇచట కోతిపిల్ల చేయి దూరని జాలీ చాలును, తమచట దోమకు కూడ ఆలోచింపవలెను. మరి రెండువైపుల సందులు సమానముగానుండుటయందు తమకింత పట్టుదల యేల?

తీరవాసి: వేడిగాలిని పైకి లేపు బలము మిక్కిలి స్వల్పమైనది. చూరునకును కొప్పునకును నడుమనున్న ఎత్తు, లోపలి గాలికిని బయటి గాలికిని గల వేడిభేదము, ఈ రెండే దానికి ఆధారము. ఎత్తు రెట్టింపైనను వేగము 1.4 రెట్లే యగును. అట్టి బలహీనుడు పైన పెద్దద్వారము, క్రింద చిన్నద్వారము పెట్టినచో చిన్నదాని మేరకే నడచును. క్రింద దారి చాలనిచో పైనున్న రంధ్రము తనకు కావలసిన గాలిని సీలింగు సందులనుండి, అనగా గదినుండి, లాగుకొనును.

గట్టువాసి: తమ నోటనే తమ విద్యుత్తు ఫ్యానుకు మరణశాసనము వెలువడినది! బలహీనమైన గాలియే గదిని దోచుకొనునపుడు, మోటారుతో లాగు ఫ్యాను ఎంత దోచుకొనునో చూడుడు. పిల్లలు డబ్బు పోసి చల్లబరచిన గాలిని అది సీలింగు సందులనుండి పీల్చి ఆకాశమునకు ధారపోయును. ఆ వెలితిని పూరించుటకు బయటి తడిగాలి కిటికీ సందులనుండి గదిలో ప్రవేశించును. కరెంటు బిల్లు రెండుమార్లు కట్టవలసివచ్చును, ఒకమారు చల్లబరచుటకు, మరొకమారు పారవేయుటకు. ఇక ఆ తిరుగు టర్బోలు: కరీంనగరము, పెద్దపల్లి ప్రాంతములందలి రైసుమిల్లుల మీద అవి అందముగా తిరుగుచుండును, ఎత్తైన షెడ్డు, లోపల యంత్రముల వేడి, సీలింగు లేదు, కనుక అచట అవి చెల్లును. తమ ఉప్పుగాలిలో బేరింగులు తుప్పుపట్టి నిలిచిపోయిన నాడు, అవి కప్పునకు పెట్టిన బిరడాలగును.

తీరవాసి: ఫ్యానును వదలితిని, టర్బోలను వదలితిని. కదలు భాగము లేని కొప్పుసందే చాలును. అయితే బావగారూ, నా ఇల్లు ఇంతగా దిద్దితిరి గనుక తమ యింటి సంగతియు ఒకమాట అడుగవచ్చునా? మే నెలలో ఈ ప్రాంతమున పగటికిని రాత్రికిని 14, 15 డిగ్రీల భేదముండును. మాకు అది 10 డిగ్రీలకు లోపే. పగలు మూయుట తమ విద్య అంటిరి. రాత్రి యేమి చేయుదురు?

గట్టువాసి: రాత్రియు మూసియే యుంచుచున్నాము. దొంగల భయము, కోతుల భయము, ఇపుడు కూలర్ల అలవాటు.

తీరవాసి: ఆ మూతవలననే తమ గోడలును స్లాబును పగలంత త్రాగిన వేడిని రాత్రియంత గదిలోనే విడుచుచున్నవి. తమకు భగవంతుడిచ్చిన చల్లనిరాత్రి మాకు లేదు. మా గాలి రాత్రియు ఉక్కయే. ఒంటిమీది చెమట ఆరుటకే అది మాకు కావలెను గాని గోడలు చల్లబడుటకు అంతగా పనికిరాదు. తమకది రెండింటికిని పనికివచ్చును. పొడిదేశమువారు రాత్రిని మూయుట, తీరవాసులు పగటిగాలిని మూయుట, రెండును చేతికందినదానిని నేలపాలు చేయుటయే. గదులకు గట్టి ఇనుపజాలీ తలుపులు పెట్టించి, సూర్యాస్తమయము మొదలు సూర్యోదయమువరకు తెరచియుంచుడు. రేకు ఇండ్ల అటకమాత్రము పగలును రాత్రియు తెరచియే యుండవలెను.

గట్టువాసి: ఒప్పుకొంటిని. తుదకు తేలినదేమి, బావగారూ? మూయుమన్నవాడను నేను, తెరువుమన్నవారు తాము. మూయవలసినది సీలింగని తాము నాకు నేర్పితిరి, తెరువవలసినది చూరును కొప్పునని నేను తమచేత చెప్పించితిని.

ఇంతవరకు వియ్యంకుల మాట. వాదము ముగిసిన పిదప విచారించి చూడగా ఇరువురి పొరపాటును ఒక్కటియే. గట్టువాసి గదికి తగిన మూతను అటకకు ఆరోపించెను. తీరవాసి గదికి తగిన తెరపిని అటకకు ఆరోపించి, నిండుజాలీలును ఫ్యానులును కోరెను. అటకగాలి కప్పుకొరకు, గదిగాలి మనుష్యునికొరకు. ఆ రెంటి నడుమ సీలింగు దృఢమైన ఎల్లగా నిలువవలెను. ఆ ఎల్ల చెడినచోట తీరమునందైనను మెట్టయందైనను ఇల్లు సుఖమీయదు.

నూతనగృహము తలపెట్టువారికి, విశేషించి పాత పెంకుటింటిని దించి రేకు వేయువారికి, ఇందలి పనుల వరుసను మనవి చేయుచున్నాను. మొదట కప్పునకు తెల్లదనము. అది అన్నిటికంటె చవుక, అన్నిటికంటె ముందు ఫలమిచ్చునది. పిదప సీలింగు సందుల బిగింపు, దానిపై వేడి నడ్డు పలక. అటుపిమ్మట చూరునను కొప్పునను సమానమైన గాలిదారి, దానికి జాలీ. తీరమునందు వీనితోపాటు తుపానునకు నిలుచు బోల్టులు, ఉప్పుకు తాళు మేకులు. ఈ వరుస తప్పి, కాలిన ముదురురేకు క్రింద మూయని సీలింగు నుంచి గవాక్షములు మాత్రము పెంచువానికి వ్యయమే గాని విశ్రాంతి లేదు. కప్పు లేచిన పిదప ఈ దోషములను సవరించుట కష్టము; కావున రేకు కొనకముందే మేస్త్రీని పిలిచి, ఈ కప్పు క్రింది వేడిగాలి ఎచట ప్రవేశించి ఎచట వెడలునో చూపుమని అడుగుడు. చూపజాలనిచో ఆ నాటికి పని ఆపుడు.